దెబ్బ పట్టే చెయ్యి

ఆడపడుచు అర్ధమొగుడని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. నాకు మొగుడొకడు, అర మొగుడు ఒకతె. ఇద్దరూ పొద్దస్తమానం ఒకే షెడ్డులో ఒళ్లంతా గ్రీజు పూసుకుని కూర్చుంటారు. వాళ్లు స్కూటర్లు బాగుచేస్తారు. ఆ షెడ్డుకి ఆనుకున్న గదిలో నేను బట్టలు కుడతాను. మధ్యలో గోడ ఉంది గానీ అది పేరుకే. అవతల ఎవరు తుమ్మినా ఇవతల నేను చిరంజీవ అంటాను. కాబట్టి నేను చెప్పేదంతా విన్నది, కన్నది. కల్పించి చెప్పేంత తీరిక నాకు లేదు, స్కూళ్లు తెరిచే రోజులు, యూనిఫాంలు గుట్టగా పడున్నాయి.

ఈ కథ మా ఆడపడుచుది. వీధిలో అందరూ ఆమెను ఇంజనమ్మ అంటారు. ఆ షెడ్డు మా మామగారిది. ఆయన బండి కింద పడుకుని "పానా" అని చెయ్యి చాపితే, అందివ్వాల్సిన కొడుకు గోలీలాటలో ఉండేవాడట. అందించింది కూతురు. అందించీ అందించీ, ఆయన అడగకముందే ఏది కావాలో తెలిసిపోయేదట ఆ పిల్లకి. చివరికి ఆయన "నువ్వే విప్పు, నేను చూస్తా" అన్నాడు. అప్పట్నుంచి విప్పుతూనే ఉంది. వీధి మలుపులో బండి శబ్దం వినపడితే చాలు, తల ఎత్తకుండానే "రింగులు పోయాయి" అంటుంది. ఒక్కసారి కూడా తప్పలేదని అనను. నేనేం ఆమె భజన చెయ్యడానికి కూర్చోలేదు. కానీ తప్పినవి తక్కువ.

ఆమె భర్త బస్సు నడుపుతాడు. బండి చెడిపోయిందని షెడ్డుకి వచ్చి, బాగైపోయాక కూడా వస్తూనే ఉన్న మనిషి. "ఏం బాబూ, మళ్లీ ఏం చెడింది?" అని మామగారు అడిగితే "ఏదో శబ్దం వస్తోందండీ" అనేవాడట. ఆ శబ్దం ఎక్కణ్ణుంచి వస్తోందో మామగారికి చివరికి అర్థమైంది, పెళ్లి చేసేశాడు.

ఇక అన్నాచెల్లెళ్ల పని సంగతి చెప్పాలి, లేకపోతే అసలు గొడవ అర్థం కాదు. ఇంజన్ లోపల అరిగి బోరుకొచ్చినప్పుడు పాత పిస్టన్ తీసి కొత్తది వెయ్యాలి. పిస్టన్‌ని కింది రాడ్డుతో కలిపేది ఒక పిన్ను, వేలు లావున, గొట్టంలా మధ్యలో బోలుగా ఉంటుంది. అది జారిపోకుండా రెండు వైపులా రెండు లాకులు, సన్నటి తీగ చుట్టలు. లాకులు తీసి పిన్నుని బయటికి కొట్టాలి. కొత్త బండైతే వేలితో నెడితే వచ్చేస్తుంది. బాగా కాలి పట్టేసిన ఇంజనైతే సుత్తి పడాల్సిందే. ఇక్కడే ఉంది చిక్కు. ఊరికే సుత్తితో కొడితే ఆ దెబ్బ రాడ్డుకి తగిలి వంగుతుంది. రాడ్డు వంగిన ఇంజన్ ఎంత మంచి పిస్టన్ వేసినా మూడునాళ్ల ముచ్చటే. అందుకని ఒకరు కొడితే, ఇంకొకరు అవతలి వైపు నుంచి పిస్టన్‌ని రెండు అరచేతులతో గట్టిగా అదిమి పట్టుకోవాలి. దెబ్బ రాడ్డుకి పోకుండా చేతుల్లోకి రావాలి.

మా ఆయన కుడి వైపు స్టూలు మీద కూర్చుని కొడతాడు. మా ఆడపడుచు ఎడమ వైపు స్టూలు మీద కూర్చుని పడుతుంది. కుడి లాకు ఆయన తీస్తాడు, ఎడమ లాకు ఆమె తీస్తుంది. ఎవరి వైపుది వాళ్లది. మాటామంతీ ఉండదు. అంతకుముందు కుడి స్టూలు మామగారిది, ఆయన పోయినప్పట్నుంచీ మా ఆయనది. ఊళ్లో మిగతా మెకానిక్కులు కూడా "ఈ అన్నాచెల్లెళ్లు విప్పిన ఇంజన్‌కి రాడ్డు వంగదు" అని ఒప్పుకుంటారు. మా ఆయన ఆ మాట వింటే కాలర్ సర్దుకుంటాడు. మెచ్చుకునేది తన సుత్తినే అని ఆయన నమ్మకం.

ఆమె ఎడమ మణికట్టు సంగతి ముందు నేనే పసిగట్టాను. తన కూతురికి జడ వేస్తూ వేస్తూ మధ్యలో వదిలేసి "పోయి అత్తయ్యతో వేయించుకో" అంది. బకెట్టు ఎత్తాల్సివస్తే కుడి చేత్తోనే ఎత్తుతోంది. తడిబట్ట పిండలేక తాడు మీద అలాగే నీళ్లు కారుతుంటే ఆరేసింది.

"ఏమైంది చేతికి?" అన్నాను.

"ఏం కాలేదు వదినా. బెణికినట్టుంది."

"బెణికితే నెలల తరబడి ఉంటుందా? నాకు చెవిలో పువ్వులు పెట్టకు."

లాక్కెళ్లాను ఆసుపత్రికి. డాక్టరమ్మ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసింది, ఎక్స్‌రే ఫొటో తీయించింది, ఏం పని చేస్తావని అడిగింది. ఈమె చెప్పింది. అరచేతులు ఎలా పెడుతుందో కూడా చూపించింది. డాక్టరమ్మ మెల్లగా, కీలు అరిగిపోయింది, ఆ దెబ్బలు ఇక పడకూడదు, పడితే వేళ్లు ముడుచుకోవడమే కష్టమవుతుంది అని చెప్పి పట్టీ కట్టి పంపింది.

దారంతా ఆమె ఆ పట్టీనే చూసుకుంటూ నడిచింది.

ఇంటికొచ్చి నేను మా ఆయనకు చెప్పాను. మనిషి మంచివాడే, చెల్లెలంటే ప్రాణం. కానీ మొండివాడు రాజు కంటే బలవంతుడు కదా. "అయ్యో" అని కంగారుపడ్డాడు, మందులు తెచ్చాడు, అంతా అయ్యాక తీర్పు చెప్పాడు.

"ఇంక నువ్వు ఇంజన్ల జోలికి రాకమ్మా. బయట కుర్చీలో కూర్చో. వచ్చినవాళ్లని పలకరించు, ఏ బండి ఎవరిదో చూసుకో. పట్టుకోవడానికి ఎవరినైనా కుర్రాణ్ణి పెట్టుకుంటా."

"ఇంజన్ నేను విప్పగలను అన్నయ్యా. పట్టుకోవడం ఒక్కటే వద్దంది డాక్టరు."

"పట్టుకోకుండా ఇంజన్ పని ఎట్లా అవుద్ది? ముక్కలు ముక్కలుగా పని ఉంటుందా?"

మర్నాడు ఆమె నిజంగానే కుర్చీలో కూర్చుంది. నూనె మరక లేని బట్టలు కట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని. నేను కుట్టిన బట్టే, కానీ ఆమెకి నప్పలేదు. మధ్యాహ్నం నా గదిలోకి వచ్చి గుడ్డపేలికల మీద కూలబడి ఏడ్చింది.

"ఇంజన్ ముట్టుకోకుండా నేనేం చెయ్యాలి వదినా? నాకింకేం వచ్చు?"

నాకూ ఏడుపొచ్చింది. కానీ ఇద్దరం ఏడిస్తే పనులెవరు చేస్తారని, "ఏడుపాపి ఏదైనా ఆలోచించు. ఇంత బుర్ర ఉండి కూడా గొంతెత్తి ఏడుస్తావేం" అని కసిరాను. నా ఓదార్పు అట్లాగే ఉంటుంది.

ఆలోచించింది. ఫోనులో ఎక్కడో ఎవరో దెబ్బ కొట్టకుండా పిన్ను లాగడం చూసిందట. నన్ను వెంటబెట్టుకుని లేత్ మిషన్ దగ్గరికి వెళ్లింది. ఆ లేత్ ఆయన్ని అందరూ మిల్లీ మామ అంటారు. ఏది అడిగినా "ఒక్క మిల్లీ తేడా వస్తే ఎవడిది పూచీ?" అంటాడు కాబట్టి. పెళ్లాం చీర కొంగు పొడవు కూడా కొలిచే రకమని మేం నవ్వుకుంటాం.

ఆమె నేల మీద సుద్దముక్కతో గీసి చెప్పింది. ఒక పొట్టి గొట్టం. దాని మూతి పిస్టన్ పక్కకి ఆనుతుంది. గొట్టం మధ్యలోంచి ఒక పొడుగు బోల్టు, అది పిన్ను బోలులోంచి దూరి అవతలికి వెళుతుంది. అవతలి చివర ఒక నట్టు. ఇవతల పిడి పట్టుకుని తిప్పుతుంటే నట్టు పిన్నుని ఇటు లాగుతుంది, పిన్ను మెల్లగా గొట్టంలోకి వచ్చేస్తుంది. సుత్తీ లేదు, పట్టుకోవడమూ లేదు. కుడి చెయ్యి ఒక్కటి చాలు.

మిల్లీ మామ ఆ బొమ్మ చుట్టూ రెండు ప్రదక్షిణలు చేశాడు. "ఇది పుల్లరే అమ్మాయ్. పెద్ద ఊళ్లల్లో రెడీమేడ్‌గా ఉంటాయి. నేను చేస్తా, కానీ కొలత పిన్ను తెచ్చివ్వు. మాటతో కొలత చెప్పావో, ఊరుకోను" అన్నాడు.

పుల్లర్ తయారై వచ్చిన రోజు మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మంత్రాలకి చింతకాయలు రాలతాయా? కాలి పట్టేసిన పిన్ను దీనికి వస్తుందా? సుత్తి చేతకానోళ్లు కనిపెట్టారిది."

"ఒక్కసారి చూడనియ్యన్నయ్యా" అంది ఆమె.

అప్పుడే కరెంటు మీటర్ల రీడింగు తీసే ఆయన బండి వచ్చింది. ఆయన నూనె పొయ్యడం మర్చిపోయి నడిపితే ఇంజన్ బిగుసుకుపోయి వీధి మధ్యలో ఆగిపోయింది. విప్పి చూస్తే పిస్టన్ మాడిన అట్టులా ఉంది. "సరే, ఇదే చూద్దాం. రాకపోతే మాత్రం ఇంక ఆ మాట ఎత్తకూడదు, కుర్చీలో కూర్చోవాలి" అన్నాడు మా ఆయన. ఆమె తలూపింది. ఇంకోరోజు తేలికైన బండితో మొదలెట్టవే పిచ్చిదానా అని గోడ ఇవతల్నుంచి అరవాలనిపించింది. ఆగలేక నేనూ వెళ్లి నిలబడ్డాను.

ఆమె ఎడమ వైపు స్టూలు మీద కూర్చుంది. ప్లయర్‌తో ఎడమ లాకు తీసి గుడ్డ మీద పెట్టింది. పుల్లర్ పిడి కుడి చేత్తో తిప్పాలి కాబట్టి లేచి, చుట్టూ తిరిగి కుడి వైపుకు వచ్చింది. మా ఆయన తన స్టూలు ఇచ్చి పక్కన నిలబడ్డాడు. గొట్టం మూతి ఆనించింది, బోల్టు దూర్చింది, అవతల నట్టు వేసింది. తిప్పడం మొదలెట్టింది.

కాస్త కదిలినట్టనిపించింది. తర్వాత ఆగిపోయింది. ఇంకా తిప్పింది. ముంజేతి నరాలు తేలాయి. టప్‌మని ఏదో చప్పుడైంది, పిడి వట్టిగా తిరిగిపోయింది. బోల్టు మరలు కొట్టుకుపోయాయి.

ఆమె పుల్లర్‌ని ఊడదీసి ఒళ్లో పెట్టుకుంది. మొహం చూడలేకపోయాను.

"నేను చెప్పలా" అన్నాడు మా ఆయన. పాపం, గెలిచినట్టు అనలేదు, నీరసంగానే అన్నాడు. "లే అమ్మా. నేను కొడతా."

ఆమె లేచింది. ఆయన తన స్టూలు మీద కూర్చుని ప్లయర్ అందుకుని, మాకు వీపు పెట్టి కాసేపు ఏదో గెలికాడు. గెలికి, ఏదో చొక్కా జేబులో వేసుకున్నాడు. కాసేపు అలాగే కూర్చున్నాడు. తర్వాత నా వైపు తిరిగి "ఏమే, ఇటొచ్చి పట్టుకో" అన్నాడు.

"నేనా?"

"ఇంకెవరున్నారు? గట్టిగా అదుము. ఏమీ కాదు."

కూర్చున్నాను ఎడమ స్టూలు మీద. గుడ్డ చుట్టి రెండు అరచేతులూ పెట్టాను. ఆయన చెయ్యి లేచింది. దెబ్బ పడింది.

అమ్మ బాబోయ్! అరచేతిలో కాదు, భుజం దాకా వచ్చింది. పళ్లు కటకటమన్నాయి. చేతులు ఒదిలేసి లేచి నిలబడ్డాను.

"మీ చెయ్యి పడిపోనూ! మనిషినా, మానునా నేను?"

"ఏంటంత గోల? దానికే అట్లా అరుస్తావా?" అన్నాడు. "చెల్లెలు ఎన్నడైనా అరిచిందా?"

ఆ మాటకి నాకు ఒళ్లు మండింది. "అరవలేదు కాబట్టే కదా చెయ్యి పోయింది! ఇటు రండి. మీరు పట్టుకోండి. నేను కొడతా."

"నువ్వు కొడతావా?"

"కొడతా. రోజంతా మెషీను తొక్కే ఒళ్లు నాది, చూద్దురుగాని."

మా ఆయన నవ్వుతూనే వచ్చి కూర్చున్నాడు. అరచేతులు ఆనించాడు. నేను సుత్తి ఎత్తాను. గురి చూసుకున్నాను. అన్నేళ్ల కాపురంలో పేరుకున్న చిరాకంతా కూడగట్టుకుని, అబద్ధమెందుకు, ఒక్కటి ఇచ్చాను.

నవ్వు ఆగిపోయింది. చేతులు తియ్యలేదు. "ఇంకొకటి కొట్టు" అన్నాడు.

కొట్టాను.

"ఇంకోటి."

ఇంకోటి కొట్టాను. పిన్ను కదల్లేదు. ఆయన చేతులు కిందికి దించి, తన అరచేతుల్ని చూసుకున్నాడు. ఎడమ మణికట్టుని కుడి చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. తర్వాత చెల్లెలి వైపు చూశాడు.

"ఇన్నాళ్లూ ఇట్లాగేనా?"

"వదిన మెల్లగా కొట్టింది అన్నయ్యా" అంది ఆమె. "నువ్వు గట్టిగా కొడతావు."

మా ఆయన అలా కన్నీళ్లు పెట్టుకోవడం మా మామగారు పోయినప్పుడు చూశాను, మళ్లీ ఆరోజు చూశాను. మసి చేత్తో కళ్లు తుడుచుకుని మొహమంతా పులుముకున్నాడు. లేచి వచ్చి జేబులో చెయ్యి పెట్టి, ఒక తీగ ముక్క తీసి చెల్లెలి అరచేతిలో పెట్టాడు. నలిగి, ఒక పక్కకి వంగిపోయి ఉంది.

"ఇది కుడి వైపు లాకు" అన్నాడు. "నువ్వు తియ్యలేదు. లాకు అడ్డుంటే పిన్ను ఎట్లా వస్తుంది? నీ పుల్లర్‌కి ఏమీ లోటు లేదు."

ఆమె ఆ లాకుని చూసి, పిస్టన్‌ని చూసి, నోటి మీద చెయ్యి వేసుకుంది. నిజమే మరి. పుట్టి బుద్ధెరిగి ఎప్పుడూ కుడి లాకు తీసిన పాపాన పోలేదు. అది అన్నయ్యది. ఆమె చెయ్యి పడేసరికి అది ఎప్పుడూ తీసేసే ఉండేది. మసి పట్టిన ఆ సన్న తీగ కంటికి ఆనలేదు, అసలు చూడాలనే తోచలేదు.

"మరి ఇందాకే ఎందుకు చెప్పలేదు మీరు?" అన్నాను నేను. నా నోరు ఊరుకోదు.

"చెబితే మళ్లీ చేస్తుంది" అన్నాడు మా ఆయన తల దించుకుని. "మళ్లీ చేస్తే వచ్చేస్తుంది. అప్పుడు ఇక నేనెందుకు షెడ్డులో అనిపించింది. తప్పే."

ఏం తిట్టాలో చాలా తిట్లు నోటిదాకా వచ్చాయి. కానీ అలా ఉన్నదున్నట్టు చెప్పేసిన మనిషిని ఏం తిడతాం? మింగేసి, "మొహం కడుక్కోండి, దయ్యంలా ఉన్నారు" అన్నాను.

బోల్టు మళ్లీ చేయించాలి. ఆ సాయంత్రం లేత్ దగ్గరికి మా ఆయనే వెళ్లాడు. మిల్లీ మామ మొదట కయ్యిమన్నాడట, "నా కొలత తప్పింది అంటావా?" అని. "నీ కొలత సరిగ్గానే ఉంది మామా, మా లెక్కే తప్పింది. గట్టి ఇనుముతో చెయ్యి" అని చెప్పి, బోల్టు తయారయ్యేదాకా అక్కడే బల్ల మీద కూర్చున్నాడట. మీటర్ల ఆయన మాత్రం రెండు వీధులు కాలినడకన తిరగాల్సొచ్చి, వచ్చి మా మీద విసుక్కుని వెళ్లాడు.

మర్నాడు ఆమె ఎడమ వైపు చూసుకుంది, లాకు లేదు. చుట్టూ తిరిగి వచ్చి కుడి వైపు వేలు పెట్టి తడుముకుంది, అక్కడా లేదు. "రెండూ పోయాయి" అని పైకే అంది, బళ్లో పాఠం అప్పజెప్పినట్టు. ఇప్పటికీ అలాగే అంటుంది, ప్రతి ఇంజన్‌కీ. వినీ వినీ నేను కూడా గుండీలు కుట్టేటప్పుడు అంటున్నాను.

పిడి తిప్పింది. మొదట బిగువుగా ఉంది. మా ఆయన సాయం పట్టబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇంకొంచెం తిప్పింది. కిర్రుమని ఒక మూలుగు వచ్చి, ఆ తర్వాత పిన్ను కదలడం మొదలెట్టింది. తొందరేం లేదు దానికి, మహారాణిలా వచ్చింది. గొట్టం ఊడదీసి వంచితే నల్లగా, నున్నగా ఆమె కుడి అరచేతిలోకి జారింది. రాడ్డు ఇటూ అటూ ఊపి చూసింది. వెంట్రుకవాసి కూడా వంగలేదు.

"వచ్చిందే!" అని నేను అరిచిన అరుపుకి ఎదురింటివాళ్లు బయటికొచ్చారు.

కొత్త పిస్టన్ వేసింది. రింగులు ఎక్కించింది, అవి మాత్రం ఎడమ చేతి వేళ్లు ఆనించి మెల్లగా. కొత్త పిన్నుని అదే పుల్లర్‌తో తిరగేసి లోపలికి లాగింది. రెండు వైపులా కొత్త లాకులు కూర్చోబెట్టి, వేలితో రెండుసార్లు తడిమి చూసింది. మా ఆయన పక్కన నిలబడి అడిగినవి అందించాడు. ఒకసారి పానా అడిగితే ఒక సైజు తేడాగా అందించి తిట్లు కూడా తిన్నాడు. నేను నా గదిలోకి పోలేదు. యూనిఫాంలు ఎటూ పోవు.

సాయంత్రం మీటర్ల ఆయన వచ్చాడు. బండి ఒక్క కిక్కుకే అందుకుంది. ఆయన చెవి ఒగ్గి విని, ముఖం విప్పార్చుకుని, అలవాటు ప్రకారం మా ఆయన దగ్గరికే వెళ్లాడు.

"భలే ఉందండీ శబ్దం. మొదట్లో ఎంత స్పీడులో పోవచ్చు? నూనె ఎంత పొయ్యాలి?"

మా ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ కాసేపు ఆగాడు. మామూలుగా అయితే గడగడా చెప్పేసేవాడు.

"నన్ను అడిగితే ఏం లాభమండీ" అన్నాడు. "ఇంజన్ మా చెల్లెలు చేసింది. మొత్తం తనే. తననే అడగండి."

మీటర్ల ఆయన ఆమె వైపు తిరిగాడు. ఆమె బొగ్గులా నల్లబడిన చేతుల్ని ఏం చెయ్యాలో తెలియక చీర కుచ్చిళ్లకి తుడుచుకుంది. నేనే ఫాలు కుట్టిచ్చిన చీర, కుచ్చిళ్లు నాశనం. కానీ ఆరోజు నేనేమీ అనలేదు.

"కొత్త పిస్టన్ కదండీ" అంది. "కొన్నాళ్లు తొందరపెట్టకండి. నూనె మాత్రం ఈసారి మర్చిపోతే, బండి కాదు, మిమ్మల్ని కుర్చీలో కూర్చోబెడతాను."